బాత్‌రూం చీమలు

మేడమీద బాత్‌రూంలో చీమలు పట్టాయి. ఎవరివల్ల పట్టాయన్నది ఆ ఇంట్లో చర్చకే రాలేదు. నేరుగా శిక్ష దగ్గర మొదలుపెట్టారు.

"తలుపేసుకుని కేకులు తింటోంది. ఇంకేం కావాలి మీకు రుజువు?" అంది ఫెలీ అత్త. చీమలమందు డబ్బా చేత్తో పట్టుకుని మెట్ల మధ్యలో నిలబడింది. పైవాళ్ళు కిందికి రావాలన్నా, కిందివాళ్ళు పైకి పోవాలన్నా ఆవిడ తీర్పు వినక తప్పదు.

లిగాయా కింద బల్ల దగ్గర కూచుని టిఫిన్ తింటోంది. వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, గుడ్డు, ఎండుచేప. ఆమె తింటున్నప్పుడు అటుగా ఎవరు వెళ్ళినా ముందు కంచంలోకి చూసి, ఆ తరవాత మొహంలోకి చూడ్డం ఆ ఇంటి మర్యాద.

"నేను బాత్‌రూంలో ఏమీ తినలేదత్తా."

"మరెక్కడ తిన్నావు?"

"ఇక్కడే. నీ ఎదురుగా. ఇప్పుడు."

"అది కనబడుతూనే ఉందిలే పిల్లా."

"బాత్‌రూంలో తింటే పొట్లాల కాగితాలైనా ఉండాలి కదా?"

"కాగితాలు కూడా తినేసి ఉంటావు."

లిగాయా తండ్రి రుఫీనో పేపరు కొంచెం కిందికి దించాడు. ఆయన చక్కెర మిల్లులో ల్యాబు పెద్ద. చెరుకురసం చుక్క ఒకటి పరికరం మీద వేసి, అందులో తీపి ఎంతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం కాఫీలో ఎవరైనా చక్కెర రెండోసారి వేసినా, తాగేసి బావుందంటాడు.

"చీమ ఊరికే రాదు. అది శాస్త్రం," అన్నాడు.

"నువ్వూనా నాన్నా?"

"నేను నిన్నేం అనలేదమ్మా. చీమల గురించి చెప్పాను." పేపరు మళ్ళీ పైకి లేచింది.

రేపు ఆదివారం. రేపు పొద్దున రుఫీనో, రెమెదియోస్ దంపతులు పాతికేళ్ళ కాపురం తరవాత మళ్ళీ అదే చర్చిలో, అదే గౌనుతో, మరోసారి పెళ్ళి ప్రమాణాలు చేస్తారు. మొగుడు కూడా అదే మొగుడు గనక అందులో పెద్ద విశేషం లేదు. విశేషమంతా గౌనులో ఉంది. పాతికేళ్ళుగా బీరువాలో ఉన్న ఆ గౌను క్రిస్మస్‌కి లిగాయా తల్లి రెమీ మోచేతులు దాటలేదు. ఈస్టర్‌కి పట్టింది. ఇప్పుడు వదులైంది. దానికి గుండుసూదులు పెట్టడానికే పక్కూరు సిలాయ్ నుంచి వారం ముందే దిగింది ఆడపడుచు ఫెలీ.

దిగిన రోజు నుంచి గౌనుని చూస్తూ ఒక కన్ను, మేనకోడలి కంచాన్ని చూస్తూ ఒక కన్ను.

"అన్నయ్యా, దీనికి ఈ రోగం ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళొచ్చిన్నాటి నుంచే పట్టుకుంది," అంది ఫెలీ అత్త, మెట్లు దిగి వచ్చి ఎదుటి కుర్చీలో కూచుని. "ఏం చెప్పిందంట ఆవిడ? కనబడ్డదల్లా తినమందంట. లావుగా ఉండటం గొప్పని చెప్పిందంట. అది చెప్పించుకోడానికి ఫీజు కూడానట."

"కనబడ్డదల్లా కాదు. ఆకలేస్తే తినమంది. చాలనిపిస్తే ఆపమంది. లావు గొప్పని ఎవరూ అనలేదు. లావుని చూసి రోగం పేరు పెట్టొద్దంది, అంతే."

"ఆకలేస్తే తినమని చెప్పడానికి డాక్టరెందుకు? కుక్కకి కూడా తెలుసు."

"కుక్కని ఎవరూ ఎనిమిదో ఏట నుంచి మాడ్చలేదు. అందుకని దానికి గుర్తుంది. నాకు మరిపించారు."



ఎనిమిదో ఏట చర్చిలో మొదటి కమ్యూనియన్ గౌను కోసం ఉడికించిన క్యాబేజీ. పన్నెండో ఏట అనాసపండు. ఆ తరవాత గుడ్లు, ఆ తరవాత వెనిగరు, ఆ తరవాత ఫెలీ అత్త అమ్మే సన్నబడే కాఫీ. కిందటేడు లిగాయా మూడో తరగతి పిల్లలకి తీసివేతలు చెబుతూ బల్లమీద పడిపోయింది. ఆ తరవాతే ఆ డాక్టరమ్మ. ఆవిడ దగ్గర తూకం మిషను గదిలో ఒక మూల, గోడ వైపుకి తిప్పి ఉంటుంది. అది చూసి లిగాయాకి మొదటిరోజే ఏడుపొచ్చింది.

రుఫీనో పేపరు మడిచాడు. "సరేనమ్మా, ఆ పద్ధతిలో ఇప్పటికి ఎంత తగ్గావు?"

"తగ్గడానికి కాదు నాన్నా అది."

"మరి దేనికి?"

ఆయన వెక్కిరించడం లేదు. ఊరికి పోని బస్సు ఎందుకు నడుపుతున్నారని కండక్టర్ని అడిగినట్టు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. లిగాయాకి జవాబు నోటిదాకా వచ్చింది. కానీ అది చాలా పొడుగు జవాబు. ఎండుచేప చల్లారిపోతోంది. తినేసింది.

*

గౌను తొడుక్కుని రెమీ మెట్లు దిగి వస్తుంటే ముగ్గురూ లేచి నిలబడ్డారు. పెళ్ళికూతురు వస్తే లేస్తారు కదా, అలాగ.

"చూడన్నయ్యా, చూడు! వదిన నడుం చూడు!" ఫెలీ అత్త చప్పట్లు కొట్టింది. "పద్దెనిమిదేళ్ళ పిల్లనుకుంటారు వెనకనించి!"

"ముందునించి?" అంది రెమీ.

"ముందునించి ముసుగేస్తాం కదా."

అందరూ నవ్వారు. రెమీ అందరికన్నా ఎక్కువ నవ్వి, నవ్వు మధ్యలో బల్ల అంచు పట్టుకుంది. మెడ కింద ఎముకల దగ్గర రెండు గిన్నెల్లా గుంటలు పడ్డాయి. వాటిల్లో ముత్యాల గొలుసు పడి కూచుంది. బల్లమీదున్న నీళ్ళ జగ్గు అందుకుని గ్లాసులో కూడా పోసుకోకుండా ఎత్తి తాగేసింది.

ఈ ఊళ్ళో పలకరింపంటే తూకమే. బాగున్నావా అని ఎవరూ అడగరు. బకోలోద్‌లో ఏ సందులో ఎవరు ఎదురైనా "ఏం, లావెక్కావ్?" అంటారు, లేదా "ఏం, చిక్కావ్?" అంటారు. మొదటిది అన్నప్పుడు నవ్వాలి, రెండోది అన్నప్పుడు థాంక్స్ చెప్పాలి. రెమీ పాతికేళ్ళు నవ్వింది. ఈ రెండు నెలలుగా థాంక్స్ చెబుతోంది. చేపల బజారులో తెలీని ఆడవాళ్ళు సైతం ఆపి రహస్యం అడుగుతున్నారు.

"రహస్యమేముంది? నా కాఫీ," అంది ఫెలీ అత్త నోట్లో గుండుసూదులు పెట్టుకునే. ఆ కాఫీ తమ మీదెందుకు పనిచేయలేదండీ అని అడిగినవాళ్ళకి ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. తను అమ్మే మనిషి, తాగే మనిషి కాదు. పైగా తనకి చక్కెర జబ్బు, బిళ్ళలు వేసుకుంటోంది, ఆ లెక్క వేరు.

"కాఫీ కాదు ఫెలీ," అంది రెమీ. "ఏమనుకోకు. నీ కాఫీ ఒక్క వారం తాగి మానేశాను, కడుపులో మంటగా ఉందని. నేను దీని పద్ధతి పట్టాను." కూతురి వైపు చూపించింది. "ఒంటి మాట వినమన్నారుట కదా. వింటున్నాను. దాహమంటే నీళ్ళు, ఆకలంటే అన్నం. మూడేసి కంచాలు లాగిస్తున్నాను. అయినా తగ్గుతున్నాను! పద్ధతి మంచిదే. దీనికే పనిచెయ్యలేదు, పాపం."

ఫెలీ అత్త సూదులన్నీ నోట్లోంచి తీసేసింది. "అంటే నా కాఫీది ఏం లేదంటావ్?"

"ఉంది, ఉంది. కొంచెం ఉంది."

"కొంచెమా? మా పేటలో అందరికీ నీ ఫొటో చూపించి అమ్ముతున్నానే వదినా! ముందు ఇలా, తరవాత ఇలా అని!"

"అమ్మా," అంది లిగాయా. "మూడు కంచాలు తింటూ తగ్గడం పద్ధతి కాదు. ఆ పద్ధతి తగ్గించేది కాదని నీకు ఎన్నిసార్లు చెప్పాను? అన్ని నీళ్ళు తాగి, రాత్రి అన్నిసార్లు లేచి... ఒక్కసారి రక్తం చూపిద్దాం. ఈ మాట ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నాను నిన్ను."

"పెళ్ళయ్యాక."

"కాలిమడం పుండు కూడా మానలేదు."

"కొత్త చెప్పు కరిచింది."

"ఆ చెప్పు పాతబడిపోయిందమ్మా. పుండే ఇంకా కొత్తగా ఉంది."

"అసూయ," అంది ఫెలీ అత్త, సూదులు మళ్ళీ నోట్లో పెట్టుకుంటూ. ఆ మాట సూదుల సందులోంచి రావడంతో ఇంకొంచెం సన్నగా వచ్చింది.

లిగాయాకి అసలు చిక్కు అదే. అది పూర్తిగా అబద్ధం కాదు. తన తల్లికి చప్పట్లు కొడుతుంటే తన లోపల ఒక మూల మండుతూనే ఉంది. ఆ మంట ఉండబట్టే అడిగిన ప్రతిసారీ గట్టిగా అడగలేకపోయింది. పెళ్ళయ్యాక అంటే సరే అంది. పండగయ్యాక అంటే సరే అంది.

"ఇంతకీ చీమల సంగతేం చేద్దాం?" అన్నాడు రుఫీనో. ఇంట్లో మాటలు ముదిరితే ఆయన చేతికి పని వెతుక్కుంటాడు.

"చెయ్యడానికేముంది? ఆ బాత్‌రూం గడియ పీకెయ్యి," అంది ఫెలీ అత్త. "గడియ లేకపోతే లోపల కూచుని తినడానికి ధైర్యం చాలదు. రేపు మధ్యాహ్నం పందిని కాల్చిన లెచోన్ విందుకి ఊరంతా మేడెక్కుతుంది. బాత్‌రూంలో చీమల బారు చూస్తే పరువేం గాను?"

"నాకు ఇరవైనాలుగేళ్ళు," అంది లిగాయా.

"చీమలకి తెలీదు కదా ఆ సంగతి."

లిగాయా తల్లి వైపు చూసింది. ఒక్క మాట. ఇదేం న్యాయం ఫెలీ అన్న ఒక్క మాట చాలు. రెమీ గౌను చేతి అంచు దగ్గర లేని దారప్పోగు ఒకటి తెంపింది.

"గడియ మళ్ళీ బిగించేద్దాంలే, సోమవారం," అన్నాడు రుఫీనో, స్క్రూడ్రైవర్ కోసం లేస్తూ. "ఇది దండన కాదమ్మా. ఏర్పాటు."

*

"లిగాయా, పైకి రా, హుక్కులు తియ్యి," అని రెమీ ముందు నడిచింది. మెట్టు మెట్టుకీ ఆగింది. గౌను బరువంది.

పడకగదిలో మంచం మీద రేపటి సామానంతా పరిచి ఉంది. ముసుగు, పూసల పర్సు, తెల్ల లేసు చేతితొడుగులు. గోడ అవతలే బాత్‌రూం. అక్కడ రుఫీనో గడియ స్క్రూలు తిప్పుతున్న కిర్రు కిర్రు చప్పుడు. ఆ బాత్‌రూం తల్లీకూతుళ్ళది. మిల్లు బూట్లతో పైకి రావద్దని కాపురం మొదట్లోనే రెమీ ఆయన్ని కింది బాత్‌రూంకి పంపేసింది. ఆడపడుచుకి మోకాళ్ళ నొప్పులు, ఆవిడా కిందే.

లిగాయా వెనక నిలబడి ఒక్కో హుక్కూ తీస్తోంది. వెన్నుపూసలు ఒకటొకటే చేతికి తగులుతున్నాయి.

"గట్టిగా లాగకు, పాత బట్ట."

"లాగట్లేదమ్మా. లాగడానికి లోపల ఎవరూ లేరు."

రెమీ నవ్వబోయి ఊరుకుంది.

"చీమలు నా వెనక రావట్లేదమ్మా," అంది లిగాయా. "నేను ఆ బాత్‌రూంలో ఏమీ తినలేదు. నీకు తెలుసు. ఫెలీ అత్తకి జబ్బు వచ్చిన కొత్తల్లో వాళ్ళింట్లో ఏం జరిగిందో అందరికీ చెప్పి నవ్వించేది, గుర్తుందా?"

కిర్రు కిర్రు. అవతల ఒక స్క్రూ నేలమీద పడింది. రుఫీనో ఏదో గొణుక్కుంటూ వెతుక్కుంటున్నాడు.

"తెలుసు," అంది రెమీ.

"ఏం తెలుసు?"

"చక్కెర. క్లినిక్‌కి వెళ్ళాను. ఈస్టర్ ఇంకా రాకముందు, మట్టల ఆదివారానికి ముందు. బజారుకని చెప్పి."

లిగాయా చేతులు ఆగిపోయాయి. "ఒక్కదానివే?"

"తోడు తీసుకెళ్ళే సంగతా అది? రోజూ సూది వేసుకోవాలన్నారు. వేసుకుంటే ఒళ్ళొస్తుందా అనడిగాను. పోయినదే తిరిగొస్తుందమ్మా, మంచిదే కదా, అంది నర్సు. మంచిదేనట! పుల్లలా ఉంది ఆ పిల్ల. దానికేం తెలుసు?"

"మరి సూది?"

"తెచ్చుకోలేదు."

"ఇన్నాళ్ళూనా?" లిగాయా తల్లి ముందుకొచ్చి నిలబడింది. "అమ్మా, ఇది సన్నబడటం కాదు. తిన్నది ఒంటికి పట్టక పోతోంది. చచ్చిపోతావు."

"ఆదివారందాకా చావనులే."

రెమీ ఆ మాట కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టు చెప్పింది. మంచం మీద కూచుని, జారిపోతున్న గౌనుని గుండెల దగ్గర రెండు చేతులతో పట్టుకుంది.

"నీకు చెప్పినా తెలీదు లిగాయా. పోయిన ఆదివారం చర్చిలోకి వెళ్తుంటే మీ నాన్న నా నడుం మీద చెయ్యేసి నడిపించాడు. అందరి ముందూ. ఆయన చెయ్యి అక్కడ ఉంటుందన్న సంగతే మర్చిపోయాను నేను. ఫొటోల్లో నన్ను ఎప్పుడూ వెనక వరసలో నిలబెట్టే మీ అత్తే, ఇప్పుడు ముందుకి లాగుతోంది. పాతికేళ్ళలో ఈ రెండు నెలలే నన్ను మనిషిలా చూశారు. నువ్వూ లావుగానే ఉన్నావు కదా, ఎలా చూస్తారో నీకు తెలీదూ?"

"తెలుసు. నన్ను అలా చూసిన మొదటిదానివి నువ్వే."

రెమీ మంచం పక్కనున్న జగ్గు కోసం చెయ్యి చాచింది. లిగాయా అందించింది. నీళ్ళు గొంతులో దిగుతున్న చప్పుడు గదంతా వినపడింది.

"క్యాబేజీ నీ మంచికే పెట్టాను," అంది చివరికి.

"నాకు గుర్తున్నది క్యాబేజీ కాదమ్మా. నేను తింటుంటే నువ్వు ఎదురుగా కూచుని లెచోన్ తినడం."

"నాకు ఆకలేసింది."

"నాకూ వేసింది."

అవతల స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగిపోయింది. రెమీ గొంతు తగ్గించింది.

"ఒక్క రోజు. రేపొక్క రోజు. సోమవారం పొద్దున్నే నువ్వే తీసుకెళ్ళు నన్ను, ఎన్ని సూదులైనా పొడిపించు. అందాకా ఈ చీమలు... నువ్వే అనుకుంటున్నారు కదా. అనుకోనీ."

"అంటే రేపటిదాకా దొంగని నేను."

"నీకు అలవాటే కదమ్మా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే లిగాయాకి ఎక్కువ గుచ్చుకుంది. ఇంట్లో గొడుగు ఎవరికి అలవాటో, ఏ కుర్చీ ఎవరికి అలవాటో, అలాగే ఈ నింద. ఆకలి మాట వినమంది డాక్టరమ్మ. నిద్ర మాట, అలసట మాట వినమంది. అమ్మ మాట విషయంలో ఏం చెయ్యాలో ఆవిడ ఏమీ చెప్పలేదు.



"లిగాయా!" బాత్‌రూంలోంచి తండ్రి గొంతు. "ఒకసారి ఇలా రామ్మా."

*

రుఫీనో బాత్‌రూం నేలమీద గొంతుక్కూచుని ఉన్నాడు. ఒక చేతిలో గడియ, ఒక చేతిలో స్క్రూలు. కళ్ళద్దాలు ముక్కు చివరకి జారాయి.

"చూడు," అన్నాడు. "ఇవి కిటికీలోంచి వస్తున్నాయి. సబ్బు పెట్టె దాటేశాయి. చెత్తబుట్ట వైపు తిరిగి కూడా చూడలేదు. కేకు ముక్కలుంటే నేలంతా చెదిరి తిరగాలి కదా? తిరగట్లేదు. ఒకటే బారు."

ఆ బారు ఎక్కడికి పోతోందో ఆయన వేలితో చూపించలేదు. చూపించనక్కర్లేదు. కమోడు అంచు నల్లగా కదులుతోంది.

ఆయన తీపి కొలిచే మనిషి. ఇన్నాళ్ళూ చీమల్ని పైనించి చూశాడు గనక తెలియలేదు. కింద కూచుని చూసేసరికి, తీపి మూత్రంలో ఉందని తెలిసింది. 

"ఫెలీ!" అని కేకేశాడు. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని ఎక్కి వచ్చేదాకా లేవలేదు. "నీకు చక్కెర వచ్చిన కొత్తలో... మీ ఇంట్లో..."

"చీమలు," అంది ఫెలీ అత్త. అని, అంచు వైపు చూసింది. చీమలమందు డబ్బా చేతిలోంచి జారి దొర్లుకుంటూ పోయింది.

అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే తలలు తిప్పి లిగాయా వైపు చూశారు.

ఆ చూపు ఆమెకి కొత్త. ముందు కంచంలోకి చూసి తరవాత మొహంలోకి చూసే చూపు కాదు. నేరుగా మొహంలోకే.

"అమ్మా, నా తల్లీ," అన్నాడు రుఫీనో. "ఎప్పట్నుంచే?"

"నాన్నా, నాక్కాదు..."

"ఇందాయ్!" ఫెలీ అత్త ఆమెను అమాంతం కావలించుకుంది. లిగాయా పుట్టిన్నాటి నుంచి ఆ ముద్దు పేరుతో ఊళ్ళో ప్రతి ఆడపిల్లనీ పిలిచింది, ఈ మేనకోడల్ని తప్ప. "చెప్పానా? లావు వద్దు, లావు వద్దని మొత్తుకున్నానా? తిన్నావని తిట్టాను, రోగమని తెలీదే నాకు! ఏడవకు, నేనున్నాను. నేను బతకట్లేదూ? నా బిళ్ళల్లో సగం నీకిస్తాను. కాఫీ కూడా ఊరికే ఇస్తాను."

ఎవరైనా ఏడుస్తుంటే అది ఫెలీ అత్తే. ఆవిడ భుజం మీదినించి లిగాయా గుమ్మం వైపు చూసింది.

రెమీ నిలబడి ఉంది. గౌను వెనక సగం విప్పి ఉంది, ముందు ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేతిలో లేసు తొడుగులు. అంతా వింది.

ఇప్పుడు చెబుతుంది, అనుకుంది లిగాయా. దొంగని చేస్తే ఊరుకుంది సరే. రోగిష్టిని చేస్తే ఊరుకోదు. ఎంతైనా తల్లి.

"నేనూ కొన్నాళ్ళ నుంచి చూస్తూనే ఉన్నానండీ," అంది రెమీ మొగుడితో. గొంతు ఎక్కడా తడబడలేదు. "రేపటి గొడవ అయిపోనీండి. సోమవారం నేనే తీసుకెళ్తాను దాన్ని."

లిగాయా ఫెలీ అత్త చేతుల్లోంచి మెల్లిగా బయటికొచ్చింది.

"సోమవారం దాకా ఎందుకు?" అంది. "నీ సంచిలో చక్కెర చూసే మిషనుంది కదత్తా. ఇప్పుడే చూడు."

"టిఫిన్ తిన్నావు కదే, ఎక్కువ చూపిస్తుంది. భయపడతావు."

"భయపడను. తే."

మిషను వచ్చింది. మెట్ల పై మెట్టు మీద అత్త కూచుంది, కింది మెట్టు మీద లిగాయా. రుఫీనో కళ్ళద్దాలు తుడుచుకుని వంగాడు. ఫెలీ అత్త శిలువ గుర్తు వేసుకుని సూదితో వేలు పొడిచింది. రక్తపు చుక్కని కాగితపు ముక్క పీల్చుకుంది. మిషను కీచుమంది.

ఫెలీ అత్త చదివింది. మిషను దులిపింది. తను కట్టుకున్న బట్ట అంచుతో తుడిచి మళ్ళీ చదివింది.

"పాడైపోయినట్టుంది ఇది."

"ఎంత చూపిస్తోంది?" అని లాక్కున్నాడు రుఫీనో. చూసి, ఇంకో వేలు పొడవమన్నాడు. ల్యాబులో ఏ కొలతా ఒక్కసారి చూసి నమ్మకూడదు. ఇంకో వేలు పొడిచారు. అదే మాట చెప్పింది మిషను.

"బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు నెమ్మదిగా. "ఏ జబ్బూ లేదు దీనికి."

"ఇంత లావుకి ఇంత మంచి చక్కెరా?" ఫెలీ అత్త మొహం ఎవరో తన సొమ్ము కాజేసినట్టు అయింది. "బిళ్ళలు మింగేది నేనూ... అదెలా కుదురుతుంది?"

"అత్తా, నువ్వు లావని నీకు రాలేదు, నేను లావని నాకు రావాలనీ లేదు. సన్నగా ఉన్నవాళ్ళకి రాదనీ లేదు. ఈ మాటే కదా ఇన్నాళ్ళూ..." మిగతా జవాబు చాలా పొడుగు. మళ్ళీ దిగమింగింది.

రుఫీనో గడియనీ స్క్రూలనీ జేబులోంచి తీసి మెట్ల పక్క కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆయన ఎప్పుడూ పైకి చెప్పుకుంటూ లెక్క చేస్తాడు. అది మిల్లు అలవాటు.

"నాది కింది బాత్‌రూం. ఫెలీదీ కిందే. పైన..."

అక్కడ ఆపేశాడు. ఆపి, వెనక్కి తిరగలేదు. తిరిగితే చూడాలి.

లిగాయా మిషనులో కొత్త కాగితపు ముక్క తనే పెట్టింది. ఫెలీ అత్త చేతిలో కొత్త సూది పెట్టింది. ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పనని మాట ఇవ్వలేదు, చెబుతానని బెదిరించలేదు. గుమ్మం దాకా వెళ్ళి, మిషను పట్టుకున్న చెయ్యి చాపింది.

"అమ్మా, వేలు."

రెమీ ఆ చేతినీ, మొగుడి వీపునీ, ఆడపడుచు మొహాన్నీ వరసగా చూసింది. ఆ తరవాత గౌనుని మోచేత్తో గుండెలకి నొక్కిపట్టి, లేసు తొడుగు తొడుక్కోవడం మొదలుపెట్టింది. బొటనవేలు. చూపుడువేలు. ప్రతి వేలూ దాని గూట్లో పడేదాకా సర్దింది. రెండో చెయ్యీ అంతే. ఎక్కడా తొందర పడలేదు. చివరికి రెండు చేతులూ ముందుకి చాపి, వేళ్ళు విప్పి చూసుకుంది. లేసు ముడతలు పడి, వేళ్ళ చివర్ల ఖాళీగా వేలాడుతోంది.

"ఫెలీ," అంది. "ఇవి కూడా వదులైపోయాయే. కాస్త కుట్టు వేసిపెడతావూ?"

ఫెలీ అత్త చేతిలో సూది ఉంది. అది కుట్టు వెయ్యడానికి పనికొచ్చేది కాదు.